పిన్ను విరిగిన తర్వాత

ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య ఉండేది జానెడు ఇనుప పిన్ను. నిజాంసాగర్ ఆయకట్టులో కోసిన చెరుకు, మద్నూర్ జిన్నింగ్ మిల్లులకు పోయే పత్తి, బిచ్కుంద వైపు బస్తాల్లో కదిలే సోయా, పంచాయతీ వాళ్లు మొక్కలకు పోసే నీళ్లు, ఇల్లు కట్టుకునే వాళ్లు తోలించుకునే ఇసుక, అన్నిటి బరువూ ఆ పిన్ను మీదే నడుస్తుంది. ఈ అధ్యాయం ఆ పిన్ను గురించి, అంతకంటే ఎక్కువగా అది విరిగిన తర్వాత గడిచే రెండు మూడు సెకన్ల గురించి. ఆ కొద్ది సెకన్లలో ఏం జరగాలో మనం ముందే తేల్చి పెట్టుకోవచ్చు. తేల్చకపోతే రోడ్డు వాలు, బరువు కలిసి తేలుస్తాయి.

జుక్కల్ ప్రాంతం తెలంగాణ కొసన ఉంది. ఇటు మహారాష్ట్ర, అటు కర్ణాటక. ఒకే సంతలో తెలుగు, మరాఠీ, కన్నడ మూడూ వినిపిస్తాయి. సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా వెళ్లే 161వ నంబరు జాతీయ రహదారి పిట్లం, మద్నూర్ మీదుగా సాగి సలాబత్‌పూర్ దగ్గర సరిహద్దు దాటుతుంది. ఆ రోడ్డు మీద లారీలు, కార్లు గంటకు 80, 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి. వాటి మధ్యే 20, 25 కిలోమీటర్ల వేగంతో చెరుకు ట్రాలీ కదులుతుంది. పల్లె రోడ్లు మరో రకం. నల్లరేగడి మీద వేసినవి కాబట్టి వానాకాలం తర్వాత కుంగి గుంతలు పడతాయి, వాగు వంతెన వచ్చిన ప్రతిచోటా ఒక దిగుడు, ఒక ఎక్కుడు. పిన్నుకు ఈ రెండు రోడ్లూ రెండు రకాల పరీక్షలు పెడతాయి.

పిన్ను సాధారణంగా ఒక్కసారిగా విరగదు. విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని చూస్తే దాని చరిత్ర కనబడుతుంది. విరిగిన ముఖంలో ఒక భాగం నల్లగా, నున్నగా, అర్ధచంద్రాకారపు గీతలతో ఉంటుంది. మిగిలిన భాగం గరుకుగా మెరుస్తుంటుంది. ఆ నల్లని భాగం ఎన్నో వారాల కిందటే పగిలింది. ప్రతి గుంతలో, గేరు మార్చిన ప్రతిసారీ, క్లచ్ వదిలిన ప్రతి కుదుపులో ఆ పగులు వెంట్రుకవాసి చొప్పున లోపలికి జరిగింది. మిగిలిన కాస్త ఇనుము ఇక మోయలేనని విరిగిన చోటే మెరుస్తోంది. దీన్ని లోహపు అలసట అంటారు. ఒక్కసారి లాగితే తెగని ఇనుము, అంతకంటే తక్కువ బలంతో లక్షలసార్లు లాగితే తెగుతుందని 1860ల నాటికే జర్మన్ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ బండి ఇరుసుల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. నిన్నటిదాకా ఆగిన పిన్ను ఇవాళ ఎందుకు ఆగలేదన్న ప్రశ్నకు జవాబు ఆ ప్రయోగాల్లోనే ఉంది. నిన్నటిదాకా ఆగడం అంటే నిన్నటిదాకా అరగడం, పగలడం కూడా.

అరుగుదల లెక్క చాలామంది అనుకున్నదానికంటే కఠినమైనది. 25 మిల్లీమీటర్ల పిన్ను అరిగి 20కి వచ్చిందంటే అయిదో వంతే పోయిందని కంటికి అనిపిస్తుంది. కోతను తట్టుకునే బలం వ్యాసం వర్గంతో మారుతుంది కాబట్టి ఆ బలంలో 36 శాతం పోయినట్టు. వంపును తట్టుకునే బలం వ్యాసం ఘనంతో మారుతుంది. అంటే అది దాదాపు సగానికి పడిపోయింది. హుక్కు రంధ్రాలు కూడా అరిగి వెడల్పయితే పిన్ను వదులుగా ఊగుతుంది. అప్పుడు అది కోతకంటే వంపునే ఎక్కువగా మోస్తుంది, అంటే తన బలహీనమైన వైపే ఎక్కువ పని చేస్తుంది.

అసలు పిన్ను పోయినప్పుడు దాని స్థానంలో వచ్చేది సాధారణంగా స్లాబుల్లో వేసే సలాక ముక్క. సలాక కాంక్రీటు లోపల నిలువునా లాగుడు మోయడానికి పుట్టింది. అడ్డంగా కోతకూ కుదుపులకూ గురయ్యే పిన్ను పనికి తగిన గట్టిదనం, నునుపు దానికి లేవు. ఒంటి మీది ప్రతి గీతా పగులు మొదలవడానికి ఒక చోటు. పిన్ను కింద పెట్టే చిన్న లాక్ క్లిప్పు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొద్ది రూపాయల తీగ ముక్క అది. అది లేకపోతే పిన్ను విరగాల్సిన అవసరం కూడా లేదు. గుంతలో ట్రాలీ ఎగిరినప్పుడల్లా కాస్త కాస్త పైకి లేచి చివరికి ఊడి పడుతుంది. క్లిప్పు ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు కాబట్టి, దాన్ని చిన్న గొలుసుతో హుక్కుకే కట్టి ఉంచడం మంచిది.

ఇక బరువు సంగతి. లోడుతో కలిపి 8 టన్నులున్న ట్రాలీ గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళుతుంటే దానిలోని గతిశక్తి, అదే ట్రాలీని రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి వదిలితే నేలను తాకేటప్పుడు ఉండే శక్తికి సమానం. దిగుడులో గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలితే వేగం సులువుగా 40కి చేరుతుంది. అప్పుడా ఎత్తు 6 మీటర్లు దాటుతుంది. వేగం 1.6 రెట్లయితే శక్తి రెండున్నర రెట్లయింది. డీజిలు మిగులుతుందని దిగుడులో గేరు తీసే అలవాటు మన రోడ్ల మీద చాలా పాతది, చాలా ఖరీదైనది. ఏ గేరులో ఎక్కాల్సిన వాలైతే ఆ గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల నియమానికి కారణం ఇదే. అప్పుడు ఇంజనే బ్రేకుగా పనిచేస్తుంది.

ఆ శక్తిని ఆపాల్సింది ఎవరు? మన ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులుండవు. 2 టన్నుల ట్రాక్టరు, అదీ వెనక చక్రాల బ్రేకులతోనే, 10 టన్నుల మొత్తాన్ని ఆపాలి. చిన్న లెక్క వేద్దాం. ట్రాక్టరు వెనక చక్రాల మీద సొంత బరువు ఒకటిన్నర టన్ను, ట్రాలీ ముక్కు మోపిన బరువు 800 కిలోలు అనుకుంటే, తారురోడ్డు మీద చక్రాలు జారకముందు దొరికే పట్టు సుమారు 1.4 టన్నుల బలం. దానితో 10 టన్నులను ఆపితే 25 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి 18 మీటర్లు, 40 నుంచి 45 మీటర్ల పైచిలుకు పడుతుంది. అది కూడా డ్రైవరు బ్రేకు తొక్కిన క్షణం నుంచి. రోడ్డు మీద సోయాపొట్టో బురదో ఉంటే ఈ లెక్క చెల్లదు, దూరం ఇంకా పెరుగుతుంది. ఆగుతున్న ట్రాక్టరును వెనక నుంచి 8 టన్నులు నెడుతుంటాయి. ఆ నెట్టుడు కాస్త వంకరగా వచ్చిందంటే ట్రాక్టరు పక్కకు మడత పడుతుంది. బ్రేకు పెడళ్లు కుడికొకటి ఎడమకొకటి వేరుగా ఉండడం పొలంలో చక్కటి సదుపాయం, చాలు చివర గిర్రున తిప్పుకోవచ్చు. రోడ్డెక్కేముందు ఆ రెండింటినీ కలిపే లాచ్ వేయకపోతే, కంగారులో ఒక్క పెడలే కాలికి అందితే, మడత పడడానికి వేరే కారణం అక్కర్లేదు.

లోడు ఎక్కడ పెట్టామన్నది ఎంత పెట్టామన్నదానికి తీసిపోదు. రెండు చక్రాల ట్రాలీ ఎడ్లబండి లాంటిదే, ఆ భౌతికశాస్త్రమే దీనిది. బస్తాలు వెనక్కి ఎక్కువైతే బండి నొగ పైకి లేస్తుంది, కాడి ఎడ్ల మెడల మీద నుంచి లేచి గొంతు కింది తాడు బిగుస్తుంది. ముందుకు మరీ ఎక్కువైతే మెడలు కుంగిపోతాయి. అందుకే బండి కట్టే పెద్దవాళ్లు ఎడ్లను కట్టేముందు నొగను చేత్తో ఎత్తి చూసేవాళ్లు. కాస్త ముందు మొగ్గు ఉంటేనే బయలుదేరేవాళ్లు. కారుకు కట్టే ట్రైలరు విషయంలో అమెరికా వాళ్లు పుస్తకాల్లో రాసుకున్న నియమం మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముక్కు మీద ఉండాలని. మన పెద్దవాళ్ల చెయ్యి కొలిచింది కూడా అలాంటి మొగ్గునే. ట్రాలీ వెనక లోడు ఎక్కువైతే ముక్కు ట్రాక్టరు హుక్కును పైకి ఎత్తుతుంది. ట్రాక్టరు వెనక చక్రాలు తేలికపడతాయి, ఉన్న ఒక్క బ్రేకు పట్టూ సడలుతుంది, పిన్ను మీద కిందికి బదులు పైకి తోపుడు పడుతుంది. వేగంగా పోయే బండిలో అయితే ఇదే అసమతౌల్యం ట్రైలరును తోకలా ఊపుతుంది. ఒక వేగం దాటాక ఆ ఊపు తనంతట తాను తగ్గదు, పెరుగుతూ పోతుంది. కాలిఫోర్నియాలో ఏ వాహనమైనా ట్రైలరు లాగుతుంటే గంటకు 55 మైళ్లు, అంటే 88 కిలోమీటర్లు దాటకూడదని చట్టం. అక్కడ ఇల్లు మారుతూ అద్దె ట్రైలరు కట్టుకుని బయలుదేరే మన తెలుగు కుటుంబాలు ఈ సంఖ్యను గుర్తుపెట్టుకోవడం అవసరం.

హుక్కు ఎత్తుకూ ఒక హద్దు ఉంది. లాగుడు వెనక ఇరుసు కంటే కిందనుంచి జరిగినంతకాలం ట్రాక్టరు ముందు చక్రాలు నేలను వదిలే ప్రమాదం తక్కువ. పొలంలో కూరుకుపోయిన ట్రాలీని బయటికి లాగాలని గొలుసును ఇరుసు పైన, టాప్ లింకు దగ్గర కట్టి యాక్సిలరేటరు తొక్కితే, కదలని ట్రాలీ స్థిరంగా ఉండి ట్రాక్టరే తన వెనక ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ముందు భాగం లేచి డ్రైవరు మీదికి వెనక్కి తిరగబడడానికి పట్టే కాలం ఒకటి రెండు సెకన్లు. క్లచ్ తొక్కేంత వ్యవధి కూడా చాలాసార్లు ఉండదు.

నీళ్ల ట్యాంకరు ప్రత్యేకించి చెప్పుకోవలసిన బండి. నిండు ట్యాంకరు బరువు కదలదు. ఖాళీది ప్రమాదం కాదు. సగం నిండినదే మోసకారి. 5 వేల లీటర్ల ట్యాంకరులో సగం నీళ్లంటే రెండున్నర టన్నులు. బ్రేకు వేస్తే ఆ నీళ్లన్నీ ముందు గోడకు కొట్టుకుంటాయి, మలుపులో బయటి వైపుకు ఎక్కుతాయి. పిన్నుకు అది ఒకటి కాదు, వరస కుదుపులు. ట్యాంకు లోపల రంధ్రాలున్న అడ్డపలకలు వేస్తే నీటి ఊపు ముక్కలై చచ్చుబడుతుంది. కొనేటప్పుడు లోపలికి తొంగిచూసి ఆ పలకలున్నాయో లేవో చూసుకోవాలి. మొక్కలకు నీళ్లు పోస్తూ ఊరంతా తిరిగే ట్యాంకరు దినంలో ఎక్కువసేపు సగం నీళ్లతోనే ఉంటుందన్న సంగతి మరవకూడదు.

ఇప్పుడు పిన్ను విరిగిందనుకుందాం. ఎక్కుడులో విరిగితే ట్రాలీ వెనక్కి వెళుతుంది. వంద మీటర్లకు 5 మీటర్లు లేచే వాలు మీద 8 టన్నుల ట్రాలీని కిందికి లాగే బలం 400 కిలోలు. చక్రాల రాపిడి పోను, వంద మీటర్లు దిగేసరికి దాని వేగం 25 కిలోమీటర్లు దాటుతుంది. వెనక స్కూటరు మీద ఎవరున్నారో దానికి తెలియదు. అప్పుడు జనం చేసేది ఒకటే, దిగి చక్రం కింద రాయి పెట్టడం. నిలబడి ఉన్న ట్రాలీకి రాయి కొంత ఆసరా, కదిలిన ట్రాలీకి ఏమాత్రం కాదు. నిలబడి ఉన్నదానికైనా రాయి ఎంత ఆసరా అన్నది 1889లో ఐర్లండ్‌లో ఎంతో దుఃఖం మీద తేలింది.

ఆ ఏడు జూన్ 12న ఆర్మా పట్నం నుంచి సండే స్కూలు పిల్లలు, పెద్దలు కలిసి సముద్రతీరానికి విహారయాత్ర బయలుదేరారు. రైల్లో 900 మందికి పైగా ఉన్నారు. 75 అడుగులకు ఒక అడుగు లేచే ఎక్కుడులో ఇంజన్ ఆగిపోయింది. ముందు పెట్టెలను విడదీసి అవతలి స్టేషనులో వదిలి, తర్వాత వెనకవాటి కోసం రావాలనుకున్నారు. వెనక భాగం నిలబడడానికి గార్డు చేతి బ్రేకు, చక్రాల కింద రాళ్లు మాత్రమే మిగిలాయి. ముందు భాగాన్ని కదిలించబోతే అది కాస్త వెనక్కి జరిగి వెనక పెట్టెలను తాకింది. రాళ్లు నుజ్జయ్యాయి. పెట్టెలు దిగుడులోకి పరుగు తీసి వెనక వస్తున్న రైలును ఢీకొన్నాయి. 80 మంది చనిపోయారు, వాళ్లలో ఎందరో పిల్లలు. ఆ రైలుకు గాలిని పీల్చి పనిచేసే బ్రేకులు లేకపోలేదు. అయితే అవి ఇంజనుతో కలిసి ఉన్నంతసేపే పనిచేసే రకం. గొట్టం విడిపోగానే బ్రేకూ పోయింది. కావలసింది దానికి సరిగ్గా తలకిందులు. గొట్టం విడిపోతేనే బ్రేకు పడాలి.

అలాంటి బ్రేకు అప్పటికే ఉండడం ఈ కథలో మరింత బాధ కలిగించే విషయం. అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో మొదటి గాలి బ్రేకు చేశాడు. అందులో బ్రేకు వేయాలంటే గాలి పంపాలి. అంటే గొట్టం తెగితే బ్రేకు లేనట్టే. 1872లో ఆయన దాన్ని తిరగేశాడు. ప్రతి పెట్టెలోనూ సొంత గాలితొట్టి పెట్టి, గొట్టంలో ఒత్తిడి ఉన్నంతసేపు బ్రేకు వదిలి ఉండేలా, ఒత్తిడి పడిపోతే తొట్టిలోని గాలి బ్రేకును బిగించేలా ఒక కవాటం అమర్చాడు. ఆర్మా ప్రమాదం జరిగి మూడు నెలలు తిరక్కుండానే ప్రయాణికుల రైళ్లన్నిటికీ ఇలాంటి స్వయంచాలక బ్రేకును బ్రిటిష్ పార్లమెంటు తప్పనిసరి చేసింది. అలాంటి బ్రేకు విలువ మన దగ్గరా కనబడింది. 2025 ఏప్రిల్ 8న శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర సికింద్రాబాద్-హౌరా ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ నడుస్తుండగానే రెండుగా విడిపోయింది. ఎవరికీ ప్రాణహాని జరగలేదు. రైలు పెట్టెలు విడిపోతే గొట్టం విడిపోతుంది, గాలి పోతుంది, రెండు ముక్కలకూ బ్రేకు పడుతుంది. కామారెడ్డి స్టేషనులో ఆగే ప్రతి రైలులోనూ ఈ ఏర్పాటే ఉంది. 161వ రహదారి మీద పోయే పెద్ద ట్రైలరు లారీల్లోనూ గాలిగొట్టం తెగితే వెనక చక్రాలు బిగుసుకునే ఏర్పాటు ఉంటుంది.

చిన్న ట్రైలర్లకు గాలితొట్టి మోయించడం కష్టం కనుక వాటికి ఇదే ఆలోచనను ఒక సన్నని తీగతో సాధించారు. దాని పేరు బ్రేక్‌అవే కేబుల్. ఒక కొస లాగే వాహనానికి, ఇంకో కొస ట్రైలరు ముక్కు మీది చిన్న స్విచ్చులో గుచ్చిన ప్లాస్టిక్ పుల్లకు కట్టి ఉంటుంది. ట్రైలరు విడిపోయి దూరం జరిగితే తీగ ఆ పుల్లను బయటికి పీకుతుంది. స్విచ్చు మూసుకుంటుంది, ట్రైలరు మీదే ఉన్న 12 వోల్టుల బ్యాటరీ నుంచి కరెంటు చక్రాల్లోని విద్యుత్ బ్రేకులకు అందుతుంది. ఇలా పడ్డ బ్రేకు వెంటనే పడాలని, కనీసం 15 నిమిషాలు పట్టి ఉంచాలని అమెరికా సమాఖ్య నిబంధనలు వ్యాపార వాహనాలకు విధించాయి. యూరప్‌లో కరెంటు లేకుండా తీగ నేరుగా ట్రైలరు చేతి బ్రేకును లాగి బిగించి, ఆ తర్వాత తెగిపోతుంది. అక్కడ మొత్తం బరువు 750 కిలోలు దాటేలా తయారైన ట్రైలరుకు సొంత బ్రేకు ఉండి తీరాలి. మన ఊళ్లలో 8 టన్నులకు లేదు.

గొలుసు పని వేరు. గొలుసు ట్రాలీని ఆపదు, వదలకుండా పట్టుకుంటుంది. పిన్ను పోగానే ట్రాలీ ముక్కు కిందికి వాలుతుంది. అది తారులోకి దిగబడితే వెనక బరువంతా దాని మీదుగా ఎగిరి పల్టీ కొట్టవచ్చు. అందుకే రెండు గొలుసులు వాడి, ముక్కు కింద వాటిని ఒకదానిమీదొకటి అడ్డంగా దాటిస్తారు. కుడి గొలుసు ఎడమకు, ఎడమది కుడికి. అలా కడితే ముక్కు జారినా ఆ దాటు మీద ఆగుతుంది, నేలను తాకదు. మలుపు తిరగడానికి సరిపడా వదులుండాలి, నేల మీద ఈడ్చుకుపోకూడదు. పొడవెక్కువైందని గొలుసును మెలితిప్పి పొట్టి చేయడం తప్పు. మెలిపడ్డ కడియాలు పక్కకు వంగి బలం కోల్పోతాయి. అన్నిటికంటే ముఖ్యమైనది, గొలుసును అదే పిన్నుకు తగిలించకూడదు. పిన్నుతో పాటు పోయే గొలుసు ఉండీ లేనట్టే. ట్రాక్టరు వెనక లాగుడు కడ్డీకి, అంటే డ్రాబార్‌కు, వేరే రంధ్రం, వేరే బోల్టు ఉండాలి.

వదులు ఎందుకు మితంగా ఉండాలో, ఏ గొలుసు పడితే అది ఎందుకు పనికిరాదో లెక్క చెబుతుంది. పిన్ను విరిగాక గొలుసు బిగుసుకునే లోపు 8 టన్నుల ట్రాలీకీ 2 టన్నుల ట్రాక్టరుకూ మధ్య వేగంలో సెకనుకు ఒక్క మీటరు, నెమ్మది నడకంత, తేడా వచ్చిందనుకుందాం. గొలుసు, కొక్కేలు కలిసి 2 సెంటీమీటర్లు సాగుతూ ఆ తేడాను చెరిపేయాలంటే సగటున 4 టన్నుల లాగుడు, ఒక క్షణం 8 టన్నుల దాకా పడుతుంది. 10 మిల్లీమీటర్ల మామూలు గ్రేడు 30 గొలుసు 5 టన్నుల లోపే తెగుతుంది. అదే మందంలో క్రేన్లకు వాడే గ్రేడు 80 గొలుసు 12 టన్నులు దాటాకే తెగుతుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. గ్రేడు గొలుసు కడియాల మీద కొద్ది కొద్ది దూరంలో అంకె చెక్కి ఉంటుంది, కొనేటప్పుడు దాన్ని వెతకాలి. పశువులను కట్టే గొలుసు ఈ పనికి రాదు. ఒక్కో గొలుసు బలమూ ట్రాలీ మొత్తం బరువుకు తగ్గకూడదన్నది పట్టుకోదగ్గ కొలత.

అయితే గొలుసు ఒక్కటే సరిపోదని ఒప్పుకోవాలి. బ్రేకు లేని ట్రాలీ గొలుసుకు వేలాడుతుంటే, డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కిన మరుక్షణం అది వచ్చి ట్రాక్టరును గుద్దుతుంది. ఆ స్థితిలో చేయాల్సింది యాక్సిలరేటరు వదిలి, గేరులోనే ఉంచి, స్టీరింగు కుదుపు లేకుండా రోడ్డు అంచుకు నెమ్మదిగా చేరడం. తేలిక ట్రైలరుకు గొలుసు చాలు, బరువు పెరిగితే తనంతట తాను పడే బ్రేకు కావాలి, వ్యాపార బండ్లకు రెండూ కావాలి. ఇలా విడదీసుకోవడానికి కారణం ఇదే. సరిహద్దు అవతల మహారాష్ట్రలో ఒక ట్రాక్టరు వెనక రెండేసి చెరుకు ట్రాలీలు కట్టడం మామూలు. అక్కడ మొదటి పిన్ను మీద రెండు ట్రాలీల లాగుడు పడుతుంది. బ్రేకులు లేకుండా రెండో ట్రాలీ కట్టడం ఏ లెక్కలోనూ సమర్థించలేనిదని నా గట్టి అభిప్రాయం.

రాత్రిపూట ఇంకో బాధ. క్రషింగ్ సీజన్‌లో ఫ్యాక్టరీ ముందు వరస కోసం ట్రాలీలు చీకట్లోనే బయలుదేరతాయి. విడిపోయి రోడ్డు మధ్యలో నిలిచిన ట్రాలీకి ట్రాక్టరు నుంచి వచ్చే కరెంటు ఉండదు కాబట్టి దాని వెనక దీపం ఉన్నా వెలగదు. అప్పుడు కనిపించేది ఎర్ర రిఫ్లెక్టరు పట్టీ ఒక్కటే. చెరుకు ఆకులు వేలాడి దాన్ని కప్పేస్తే అదీ లేదు. పట్టీని లోడు అందని చోట, డబ్బా అడుగు అంచుకు అతికించి, బయలుదేరే ముందు ఒకసారి గుడ్డతో తుడవాలి.

మనుషుల సంగతి చివరకు నెట్టేది కాదు, ఇంతవరకూ చెప్పిన లెక్కలన్నీ దానికోసమే. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ కూలీలను తీసుకెళుతున్న ట్రాక్టరు లక్ష్మాపురం దగ్గర మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. దాదాపు అందరూ పత్తిచేను పనికి బయలుదేరిన ఆడవాళ్లు. దానికి రెండున్నర నెలల ముందే, ఏప్రిల్ 6న, నల్లగొండ జిల్లా పీఏ పల్లి మండలంలో మిరప ఏరబోతున్న కూలీల ట్రాక్టరు కాలువలో పడి 9 మంది పోయారు. జుక్కల్‌కు పొరుగునే ఉన్న నాందేడ్ జిల్లా ఆలేగావ్‌లో 2025 ఏప్రిల్ 4న కూలీల ట్రాక్టరు బావిలో పడి ఏడుగురు ఆడవాళ్లు మరణించారు. ఈ మూడింటిలో మనుషులు కూర్చున్నది సరుకు కోసం చేసిన డబ్బాలో. దానికి పట్టుకునే కడ్డీ ఉండదు, సీటు ఉండదు, దూకే వీలుండదు. నీళ్లలో పడితే అదే వాళ్ల మీద బోర్లా పడుతుంది. గొలుసూ బ్రేక్‌అవే తీగా ట్రాలీని కాపాడతాయి, దాంట్లో కూర్చున్నవాళ్లను కాపాడలేవు. ట్రాలీలో మనుషులను ఎక్కించడం చట్టం ఒప్పుకోదు, బీమా వర్తింపు దగ్గరా పెద్ద చిక్కే. కూలీకి పోయే ఆడవాళ్లకు తెల్లవారుజామున వేరే బండి దొరకదన్నది నిజం. అందుకే ఈ బాధ్యతను ఎక్కినవాళ్ల మీద మోపడం అన్యాయం. పని చేయించుకునే రైతు, మేస్త్రీ ఆటోకో జీపుకో అయ్యే ఖర్చును కూలి ఒప్పందంలోనే కలుపుకోవాలి.

మార్పు ఎక్కడ మొదలుపెట్టాలంటే పంచాయతీ ట్రాక్టర్ల దగ్గర. 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద తెలంగాణలోని 12,769 గ్రామ పంచాయతీలకూ ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూర్చారు. జుక్కల్, మద్నూర్, బిచ్కుంద, పిట్లం, నిజాంసాగర్, పెద్దకొడప్‌గల్ మండలాల్లో చెత్త ఎత్తేదీ మొక్కలకు నీళ్లు పోసేదీ అవే. సొంత ట్రాక్టరున్న రైతును ఖర్చు పెట్టమనడం కంటే ప్రజల డబ్బుతో నడిచే బండికి ముందు చేయడం సులువు, న్యాయం కూడా. ఒక్కో బండికి కావలసింది కొలిచి చేయించిన గట్టి ఉక్కు పిన్ను, దానికి కట్టేసిన క్లిప్పు, డ్రాబార్ మీద వేరే రంధ్రాలు, 13 మిల్లీమీటర్ల గ్రేడు 80 గొలుసులు రెండు, కొస నుంచి జారిపోకుండా నాలుక ఉన్న కొక్కేలు, రాళ్లకు బదులు రెండు చెక్క దిమ్మెలు. ఇందులో వెల్డింగ్ షాపు చేయలేనిది ఏదీ లేదు. ఒక్క జాగ్రత్త, పిన్నును గానీ గొలుసు కడియాన్ని గానీ వెల్డింగ్ చేయకూడదు. ఆ వేడికి గట్టిపరిచిన ఉక్కు తన బలాన్ని పోగొట్టుకుంటుంది. ట్రాలీకి బ్రేకులు బిగించే పని మాత్రం షాపులో తేలేది కాదు. ఇరుసు, డ్రమ్ములు, ట్రాక్టరు హైడ్రాలిక్‌కు కలిపే కవాటం అన్నీ ఒకదానికొకటి సరిపడాలి. కాబట్టి కొత్త ట్రాలీ కొనేటప్పుడే బ్రేకుతో, విడిపోతే తనంతట తాను పడే ఏర్పాటుతో కావాలని టెండరులో రాయాలి. ఏటా నవంబరులో చెరుకు నరుకుడు మొదలయ్యే ముందు ఒక రోజు పిన్నులన్నీ బయటికి తీసి, కిరోసిన్‌తో కడిగి, వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, పదో వంతు అరిగినదాన్ని పక్కన పడేయాలి. పంచాయతీ కార్యదర్శి రిజిస్టరులో దానికి ఒక గడి కేటాయిస్తే చాలు.